ఫయ్యూం: మైనంలో మిగిలిన ముఖాలు

కైరో నగరం నుండి నైరుతి దిశగా ఎడారి బాట పట్టిన యాత్రికునికి చాలాసేపటి వరకు ఇసుక, ఆకాశం తప్ప మరేమీ కనిపించవు. గీజా పిరమిడ్లు వెనుకబడిన తరువాత కన్ను నిలపడానికి ఒక చెట్టయినా ఉండదు. సుమారు నూరు కిలోమీటర్లు సాగిన పిమ్మట నేల నెమ్మదిగా దిగువకు వాలుతుంది. అంతవరకు పసుపుపచ్చగా ఉన్న లోకం ఒక్కసారిగా ఆకుపచ్చగా మారుతుంది. ఖర్జూర వనాలు, గోధుమ చేలు, పశుగ్రాసపు మళ్లు, గట్ల మీద గాడిదలు, కాలువల్లో బాతులు. ఇదే ఫయ్యూం.

దీనిని ఒయాసిస్సు అని పిలవడం లోకానికి అలవాటయింది. నిజానికి ఇక్కడి పచ్చదనానికి కారణం ఊటనీరు కాదు, నైలు నది. ఆ నది నుండి వచ్చే బహర్ యూసఫ్ అనే కాలువ ఎడారి గుట్టల మధ్య సందు చేసుకుని ఈ పల్లపు నేలలో ప్రవేశించి, వందలాది పిల్లకాలువలుగా చీలి పొలాలకు నీరందిస్తుంది. మిగిలిన నీరు ఉత్తరాన ఖారూన్ సరస్సును చేరుతుంది. ఆ సరస్సు నీటిమట్టం సముద్రమట్టానికి 40 మీటర్లకు పైగా దిగువన ఉంది. నగరం నడిబొడ్డున పెద్ద పెద్ద చెక్క చక్రాలు నీటి వేగంతోనే తిరుగుతూ, మూలుగుతూ, కాలువ నీటిని పైకి తోడుతుంటాయి. ఫయ్యూం ప్రజలకు ఆ చక్రాలే తమ సీమ చిహ్నం.

అయితే ప్రపంచంలోని చిత్రకారులకు ఫయ్యూం అంటే చక్రాలు కావు, సరస్సూ కాదు. వారికి ఆ పేరు వినగానే గుర్తుకు వచ్చేవి కొన్ని వందల ముఖాలు. పెద్ద కన్నులు, నేరుగా చూసే చూపు, మెడలో హారం, భుజం మీద తెల్లని వస్త్రం. దాదాపు రెండు వేల సంవత్సరాల క్రిందట పలుచని చెక్కపలకల మీద, వీటిలో అనేకం కరిగిన తేనెమైనంలో రంగు కలిపి చిత్రించబడిన ముఖాలు అవి. ఆ చిత్రాలు నిలిచాయి. వాటిని ఎలా వేయాలో నేర్పిన గురువులు, ఆ గురువుల వద్ద నేర్చిన శిష్యులు, ఆ నేర్పే పద్ధతి మాత్రం లోకం నుండి పూర్తిగా అదృశ్యమయ్యాయి. ఫయ్యూం యాత్రలో తెలుసుకోదగిన అసలు కథ ఇదే.

మట్టి ఇటుకల గుట్ట

ఫయ్యూం నగరానికి ఆగ్నేయంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో హవారా ఉంది. అక్కడ యాత్రికునికి ఎదురయ్యేది పెద్ద మట్టిదిబ్బ వంటి ఒక పిరమిడ్. క్రీస్తుకు పూర్వం 19వ శతాబ్దంలో పాలించిన మూడవ అమెనెమ్‌హత్ అనే ఫారో దీనిని పచ్చి ఇటుకలతో కట్టించి, పైన సున్నపురాయి తొడుగు వేయించాడు. ఆ రాయిని తరువాతి వారు ఊడదీసి తీసుకుపోయారు. మిగిలిన ఇటుకలు ఎండకు, గాలికి కరిగి గుండ్రబడ్డాయి. లోపలి సమాధి గదిలో భూగర్భజలం నిండిపోయింది. పిరమిడ్‌కు దక్షిణాన వేలాది గదులతో ఉండేదని, పిరమిడ్లను మించినదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కొనియాడిన మహాసౌధం ఉండేది. నేడు అక్కడ రాతి తునకలు తప్ప మరేమీ లేవు.

1888లో బ్రిటిష్ పురాతత్వవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఇక్కడ తవ్వకాలు సాగించాడు. అతడు వచ్చింది పిరమిడ్ కోసం. కాని పిరమిడ్‌కు ఉత్తరాన ఇసుకలో రోమన్ పాలనాకాలపు శ్మశానం ఒకటి బయటపడింది. అక్కడి మమ్మీలకు ముఖం ఉండవలసిన చోట నార పట్టీల మధ్య చెక్కపలక అమర్చి ఉంది. పలక మీద మనిషి ముఖం. మొదటి ఏడాదిలోనే అటువంటివి 81 దొరికాయి.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్న మమ్మీని చూసినవారికి ప్రాచీన ఈజిప్టు ముఖాల స్వభావం కొంత తెలుసు. పాత పద్ధతిలో మమ్మీ మీద ఉంచే ముఖం దేవతల ముఖం వంటిది. దానికి వయస్సు ఉండదు, దిగులు ఉండదు, అది ఒక వ్యక్తిది అనిపించదు. హవారా పలకల మీది ముఖాలు అందుకు పూర్తిగా భిన్నమైనవి. గడ్డం సరిగా మొలవని యువకుడు, కనుబొమలు కలిసిన స్త్రీ, అలసిన నడివయస్సు మనిషి, బుగ్గలు నిండిన పసివాడు. ప్రతి ఒక్కరూ ఫలానా అని పోల్చుకోదగిన మనుషులు.

చాలా పలకల మీద రంగు పొరలు ఊడి రాలుతున్న స్థితిలో ఉన్నాయి. వాటిని నిలబెట్టడానికి పెట్రీ వాడినది కూడా మైనమే. ఆ ఏడాదే లండన్‌లో ఈ చిత్రాలను ప్రదర్శించినపుడు జనం విరగబడి చూశారు. అదే కాలంలో థియొడోర్ గ్రాఫ్ అనే వియన్నా వర్తకుడు ఫయ్యూం ఈశాన్య భాగంలోని రుబయ్యాత్ శ్మశానం నుండి వచ్చిన చిత్రాలను పెద్ద సంఖ్యలో కొని ఐరోపాలో అమ్మాడు. నేడు ప్రపంచం మొత్తం మీద ఇటువంటి చిత్రాలు దాదాపు 900 ఉన్నట్లు లెక్క. అన్నీ మైనంతో వేసినవి కావు, కొన్ని జిగురులో రంగు కలిపి వేసినవి. అన్నీ ఫయ్యూంలో దొరికినవీ కావు. అయినా అధికభాగం ఈ సీమవే కావడం వలన ఆ పేరే స్థిరపడింది.

ఆ ముఖాలను చూడగోరి హవారాకు వచ్చిన యాత్రికునికి మాత్రం నిరాశ తప్పదు. అవి లండన్‌లో, బెర్లిన్‌లో, పారిస్‌లో, న్యూయార్క్‌లో, కైరోలో ఉన్నాయి. హవారాలో ఉన్నది ఇసుక, ఎముకల తునకలు, కుండపెంకులు, గాలి.

ఎవరీ మనుషులు?

క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన టాలెమీ వంశపు రాజులు ఫయ్యూం సరస్సులోని నీటిని తగ్గించి కొత్త భూమిని సాగులోకి తెచ్చారు. ఆ భూమిని తమ గ్రీకు, మాసిడోనియా సైనికులకు పంచిపెట్టారు. క్రీస్తుకు పూర్వం 30లో దేశం రోమన్ల వశమయింది. మూడు నాగరికతలు ఈ పల్లపు నేలలో కలిసిపోయాయి. ఇక్కడివారు గ్రీకు మాట్లాడారు, రోమన్ పద్ధతిలో జుట్టు దువ్వుకున్నారు, మరణానంతరం ఈజిప్టు ఆచారం ప్రకారం మమ్మీలయ్యారు. స్త్రీల కేశాలంకరణ రోమ్ నగరపు రాణివాసంలో ఎప్పటికప్పుడు మారిన పోకడలను అనుసరించడం వలన నేటి పండితులు ఒక్కొక్క చిత్రం ఏ దశాబ్దానిదో అంచనా వేయగలుగుతున్నారు.

వీరిలో కొందరి పేర్లు కూడా మనకు దక్కాయి. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక మమ్మీ ఎర్రని పూత మీద బంగారు బొమ్మలతో మెరుస్తుంటుంది. ముఖం ఉన్న చోట పెద్ద కళ్ల యువకుడొకడు చూస్తుంటాడు. కింద గ్రీకు అక్షరాలలో అతని పేరు ఆర్తెమిదోరస్ అని, వీడ్కోలు పలుకుతూ ఒక మాట రాసి ఉంది. అక్షరదోషంతో సహా ఆ వీడ్కోలు రెండు వేల ఏళ్లు నిలిచింది.

మరొక మమ్మీని పెట్రీ 1911లో హవారాలోనే కనుగొన్నాడు. బంగారు పూసల చెవిపోగులు ధరించిన యువతి చిత్రం అది. పక్కన ‘హెర్మియోన్ గ్రమ్మాతికే’ అని రాసి ఉంది. ఆ రెండవ మాటకు భాషను బోధించే ఉపాధ్యాయిని అని కొందరు, చదువుకున్న స్త్రీ అని మరికొందరు పండితులు అర్థం చెబుతారు. మహిళా విద్య కోసం పోరాడి నిలిచిన కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలకు ఆమెను చేర్చడం సముచితమని నాటివారు భావించారు. ఆమె నేటికీ అక్కడే ఉంది. ఆమె ఎవరికి ఏమి నేర్పిందో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. చదువు ఆమె పేరులో మాత్రం మిగిలింది.

తేనెటీగ ఇచ్చిన రంగు

మైనపు చిత్రకళను గ్రీకులు ‘ఎన్‌కాస్టిక్’ అన్నారు. ఆ మాటకు ‘కాల్చి అతికించినది’ అని అర్థం. తేనెమైనం సుమారు 62 నుండి 65 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరుగుతుంది. కరిగిన మైనంలో రంగుపొడి కలిపి చెక్క మీద పూస్తే నాలుగు క్షణాలలో గడ్డకడుతుంది. వేసిన పూతను మళ్లీ వేడి చేస్తే కింది పూతతో కరిగి ఏకమవుతుంది. ఆ రెండవ వేడియే ఈ కళకు ప్రాణం, దాని పేరుకు మూలం.

మైనానికి ఫయ్యూంలో కొదువ లేదు. సీమ ఈశాన్య భాగాన ఉన్న ఫిలడెల్ఫియా అనే ప్రాచీన గ్రామంలో జెనోన్ అనే అధికారి దాచుకున్న పపైరస్ పత్రాలు దొరికాయి. అవి క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దానికి చెందినవి. వాటిలో తేనెటీగలు పెంచేవారు పెట్టుకున్న విన్నపం ఒకటి ఉంది. అధికారులు తమ గాడిదలను తీసుకుపోయి చెప్పిన గడువు దాటినా తిరిగి ఇవ్వలేదని, పొలాలలో ఉన్న తేనెపట్లను వేరొక చోటికి మోయించకపోతే నష్టపోతామని వారు మొరపెట్టుకున్నారు. గ్రాఫ్‌కు చిత్రాలు లభించిన రుబయ్యాత్ శ్మశానం ఈ ఫిలడెల్ఫియా గ్రామానిదే కావడం విశేషం.

మైనం ఇక్కడిదే అయినా మిగిలిన సరుకు దూరదేశాలది. అమెరికాలోని గెట్టీ మ్యూజియం 2013లో ఆరంభించిన ఉమ్మడి పరిశోధనలో అనేక దేశాల ప్రదర్శనశాలలు తమ వద్ద ఉన్న పలకలను పరీక్షిస్తున్నాయి. ఎక్కువ పలకలు ఈజిప్టులో పెరగని లిండెన్ అనే ఐరోపా చెట్టు కలపతో చేసినవని తేలింది. అంటే ఒక్క ముఖం వేయడానికి సముద్రం దాటి కలప వచ్చింది.

వేసిన తీరు కూడా పలక మీదనే చదువుకోవచ్చు. వస్త్రం, నేపథ్యం కుంచెతో త్వరత్వరగా పూసినవి. బుగ్గ, నుదురు, ముక్కు మాత్రం చిన్న లోహపు పనిముట్టుతో మైనాన్ని అటూ ఇటూ లాగి తీర్చినవి. ఆ గీతలు ముఖం వంపును అనుసరించి సాగుతాయి. మైనం కాంతిని కొంత లోపలికి పోనిచ్చి తిరిగి పంపుతుంది. అందువలననే ఆ చర్మం కింద రక్తం ప్రవహిస్తున్నట్లు తోస్తుంది.

తెగిపోయిన గురుపరంపర

ఈ విద్యను ఎవరు ఎవరికి నేర్పారు? రోమన్ రచయిత ప్లీనీ తన ప్రకృతి చరిత్రలో కొంత సమాచారం ఇచ్చాడు. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో గ్రీసులోని సిక్యోన్ నగరంలో పాంఫిలస్ అనే చిత్రకారుడు బోధించేవాడు. ఒక టాలెంటు కంటే తక్కువకు అతడు ఎవరికీ నేర్పలేదట. టాలెంటు అంటే దాదాపు 26 కిలోల వెండి. మైనపు చిత్రకళలో మొదట ప్రసిద్ధుడైన పౌసియస్ అతని శిష్యుడే. కైజికస్ నగరానికి చెందిన ఇయాయా అనే చిత్రకారిణి దంతపు పలకల మీద స్త్రీల ముఖాలు చిత్రించి, సమకాలిక పురుషులను మించిన వెల పొందిందని కూడా ప్లీనీ రాశాడు.

కాని పద్ధతి గురించి ప్లీనీ చెప్పినది కొద్ది వాక్యాలు మాత్రమే. మైనంతో ఒకటి, దంతం మీద కొనదేలిన పనిముట్టుతో ఒకటి, నిప్పు మీద కరిగించిన మైనాన్ని కుంచెతో పూయడం మూడవది అన్నాడు. ఈ మూడవది ఓడలకు రంగు వేయడం నుండి వచ్చిందట. ఎంత వేడి, ఏ పాళ్లు, ఎటువంటి కుంచె అన్నది చెప్పలేదు. చెప్పవలసిన అవసరం అతనికి తోచి ఉండదు. వీధిలో పనివారు నిత్యం చేసే పనిని ఎవరు రాసిపెడతారు? మన ఇళ్లలో ఆవకాయ పెట్టడం ఎలాగో ఏ పెద్దమ్మ రాసిపెట్టింది?

పనిశాలల ఆనవాలు ఒక్కటి ఫయ్యూం దక్షిణ అంచున ఉన్న తెబ్‌తునిస్ గ్రామంలో 1899-1900 తవ్వకాలలో దొరికింది. అది అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు ఫీబీ హర్స్ట్ ప్రదర్శనశాలలో ఉంది. ఒక స్త్రీ ముఖాన్ని రేఖలతో గీసి, ఏ భాగానికి ఏ రంగు వేయాలో గ్రీకులో గుర్తులు రాసుకున్న పలక అది. ఆ గుర్తులు చిత్రకారుడు తనకోసం రాసుకున్నవా, రంగులు నింపే సహాయకుని కోసం రాసినవా అన్నది ఊహించవలసిందే. ఏమైనా ఆ పలక మీద ఒక చేయి మరొక చేతికి, లేదా నిన్నటి చేయి నేటి చేతికి చెప్పిన మాట వినిపిస్తుంది.

3వ శతాబ్దం గడిచేసరికి ఫయ్యూంలో ఈ చిత్రాలు తగ్గిపోయాయి. సామ్రాజ్యం ఆర్థికంగా చితికింది. క్రైస్తవం వ్యాపించి మమ్మీల ఆచారం క్షీణించింది. మైనపు చిత్రకళ క్రైస్తవుల పూజాపటాలలో మరికొంత కాలం జీవించింది. సైనాయి కొండల నడుమ ఉన్న సెయింట్ కేథరీన్ మఠంలో 6వ శతాబ్దపు క్రీస్తు పటం మైనంతో వేసినదే. ఆ తరువాత గుడ్డు సొనలో రంగు కలిపే సులభ మార్గం నిలిచి, నిప్పు కావలసిన ఈ మార్గం మూలబడింది. ఒక తరం నేర్పడం మానితే తరువాతి తరానికి నేర్పేవారుండరు.

గురువు లేని విద్యార్థులు

ఆ పైన వెయ్యి సంవత్సరాలకు చదువరులు ప్లీనీ వాక్యాలను పట్టుకుని ఆ విద్యను తిరిగి రప్పించబోయారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు కౌంట్ ద కైలుస్ ఒక వైద్యుని సహాయంతో మైనాన్ని రకరకాలుగా కరిగించి చూశాడు. 1754లో వియాన్ అనే చిత్రకారుని చేత మినర్వా దేవత శిరస్సును మైనంతో వేయించాడు. మరుసటి ఏడాది తన పద్ధతులను గ్రంథంగా ప్రకటించాడు. అదే ఏడాది తత్త్వవేత్త దిదెరో అతనిని ఎద్దేవా చేస్తూ ఒక పుస్తకం అచ్చువేశాడు. 1784లో స్పెయిన్ దేశీయుడైన రెకెనో అనే మతాచార్యుడు మరొక గ్రంథం వెలువరించాడు. వీరందరి వద్ద లాటిన్ వాక్యాలు ఉన్నాయి. ఫయ్యూం ముఖాలు మాత్రం అప్పటికింకా ఇసుకలోనే ఉన్నాయి. వంటకం రుచి చూడనివారు దాని పేరు విని వండబోయినట్లయింది వారి పని.

ముఖాలు బయటపడిన తరువాత పరిస్థితి మారింది. మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా 1922-23లో మెక్సికో నగరంలోని జాతీయ సన్నాహక పాఠశాల గోడ మీద తన మొదటి కుడ్యచిత్రాన్ని మైనం, చెట్టుబంక కలిపి నిప్పుతో అతికిస్తూ వేశాడు. పని ఎంత కష్టమయిందంటే ఆ తరువాత తడిసున్నం మీద చిత్రించే మార్గానికి మళ్లాడు. జర్మనీ నుండి అమెరికా చేరిన కార్ల్ జెర్బె బోస్టన్ లలితకళా ప్రదర్శనశాలకు చెందిన పాఠశాలలో 1937 నుండి 1955 వరకు చిత్రకళా శాఖను నడిపాడు. మైనంతో చిత్రించి పేరు పొందడమే కాక తన విద్యార్థులకు ఆ మార్గం చూపాడు. మైనం అతని ఒంటికి సరిపడక, ఉబ్బసం వచ్చి 1949 ప్రాంతంలో దానిని విడవవలసి వచ్చింది.

1954లో న్యూయార్క్‌లో జాస్పర్ జాన్స్ అనే యువకుడు అమెరికా జెండా బొమ్మ వేయబోయాడు. మొదట వాడిన రంగు ఎంతకీ ఆరలేదు. వార్తాపత్రికల ముక్కలను, గుడ్డ పీలికలను కరిగిన మైనంలో ముంచి పలకకు అతికించడం మొదలుపెట్టాడు. మైనం వెంటనే గడ్డకట్టడం వలన ప్రతి కుంచె గుర్తు చెరగకుండా నిలిచింది. లోపలి అచ్చు అక్షరాలు మసకగా పైకి కనిపించాయి. కాగితం, గుడ్డ, రంగు ఒక్కటై నిలిచే మిశ్రమ మాధ్యమానికి మైనం ఎంత అనువైనదో ఆ చిత్రం లోకానికి తెలియజేసింది. ఫయ్యూం పలకలో మనిషి ముఖాన్ని కాపాడిన మైనం ఇక్కడ నిన్నటి వార్తను కాపాడింది.

ఒక తరగతిలో

విద్యుత్ పొయ్యి అందుబాటులోకి వచ్చిన తరువాత బొగ్గుల కుంపటి అవసరం తీరింది. నేడు అమెరికాలోను, ఐరోపాలోను ఈ విద్యను నేర్పే శిబిరాలు అనేకం నడుస్తున్నాయి. రెండు మూడు రోజుల పాటు సాగే అటువంటి తరగతిలో అడుగుపెట్టిన వారిని మొదట పలకరించేది తేనె వాసన.

మొదటి పాఠం చిత్రం గురించి కాదు, నిప్పు గురించి. కిటికీలు తెరవాలి, గాలిని బయటికి లాగే పంకా తిరగాలి. మైనం వేడి సుమారు 93 డిగ్రీలు దాటకూడదు. పొగ లేచిందంటే హద్దు మీరినట్లే. మైనం అంటుకుంటే నీళ్లు పోయరాదు, మూత పెట్టి గాలి ఆపాలి. జెర్బె అనుభవించిన బాధ తెలిసినవారు ఈ పాఠాన్ని తేలికగా తీసుకోరు.

రెండవ పాఠం పాళ్లు. తేనెమైనం ఒక్కటే అయితే మెత్తగా ఉండి గీతలు పడుతుంది. అందులో ఆగ్నేయాసియా అడవుల నుండి వచ్చే డామర్ అనే చెట్టుబంకను కొద్దిగా కలుపుతారు. మన సాలవృక్షం నుండి వచ్చే గుగ్గిలం ఈ జాతి బంకయే. దానితో పూత గట్టిపడి మెరుగు నిలుస్తుంది. పలక ముఖం నున్నగా కాక, మైనాన్ని పీల్చుకునేలా ఉండాలి. ప్లాస్టిక్ రంగు పూసిన పలక మీద మైనం నిలవదు.

మూడవ పాఠం పుస్తకం చదివి నేర్చుకోలేనిది. ప్రతి పూత తరువాత దానిని వేడిగాలితో గాని, సన్నని మంటతో గాని కరిగించి కింది పూతతో కలపాలి. ఎంతసేపు? పూత మెరిసే వరకు, కాని పారకుండా. ఆ రెండింటి మధ్య ఉన్న వ్యవధి ఒకటి రెండు క్షణాలు. కొత్తవారు భయపడి తొందరగా చేయి తీస్తారు. మర్నాటికి పూత పొరలుగా లేచి వస్తుంది. మరికొందరు చేయి నిలిపి ఉంచుతారు. గీసిన కన్ను చెంప మీదికి జారుతుంది. అప్పుడు నేర్పేవారు విద్యార్థి మణికట్టు పట్టుకుని మంటను ఎంత దూరంలో, ఏ వేగంతో కదపాలో చూపుతారు. మాటతో చెప్పలేనిది చేతితో చెబుతారు. ప్లీనీ రాయలేకపోయినది, కైలుస్ కనుగొనలేకపోయినది ఆ మణికట్టు కదలికనే.

తరువాత విద్యార్థులు ఎండుటాకులు, పాత ఉత్తరాలు, దారపు పోగులు, ఛాయాచిత్రాల నకళ్లు మైనపు పొరల మధ్య పొదుగుతారు. సూదితో గీసి, ఆ గీతలలో నూనెరంగు నింపి, పైన మిగిలిన రంగును తుడిచివేస్తారు. తరగతి గోడ మీద సాధారణంగా ఒక ఫయ్యూం ముఖం బొమ్మ వేలాడుతుంటుంది. గురువులకు గురువు అదే. కాని అది ప్రశ్నలకు బదులు చెప్పదు. తుది ఫలితం మాత్రం చూపుతుంది, మార్గాన్ని మనమే వెదుక్కోవాలి.

మన వైపు ఒక చూపు

మైనానికి సంస్కృతంలో ఉన్న పేర్లలో ‘మధూచ్ఛిష్టం’ ఒకటి. తేనె తీయగా మిగిలినది అని అర్థం. కావేరీ తీరాన తంజావూరు సమీపంలోని స్వామిమలైలో స్థపతులు నేటికీ తేనెమైనంలో గుగ్గిలం, వేరుసెనగ నూనె కలిపి దేవతామూర్తిని మలుస్తారు. ఆ మూర్తి మీద మట్టి పొరలు పూసి, కాల్చి, మైనాన్ని కరిగించి బయటికి పోనిచ్చి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా పనివారు మైనాన్ని దారంలా సాగదీసి, మట్టి అచ్చు చుట్టూ చుట్టి, ఇదే సూత్రంతో ఇత్తడి బొమ్మలు పోస్తారు.

ఫయ్యూం చిత్రకారుని మైనమే వీరి చేతిలోనూ ఉన్నది. కాని రెండింటి గతి తలకిందులు. స్వామిమలైలో ప్రతిసారీ మైనం కరిగి పోతుంది, స్థపతి చేసిన మైనపు రూపం ఎవరికీ మిగలదు. అయినా తండ్రి చేతి నుండి కొడుకు చేతికి విద్య చేరుతూనే ఉంది. ఫయ్యూంలో మైనం మిగిలింది, కనుబొమ వెంట్రుక సైతం చెదరలేదు. విద్య మాత్రం చేయి దాటలేదు. వస్తువును ఇసుక కాపాడగలదు. పనితనాన్ని మనిషి మాత్రమే కాపాడగలడు. మన చేతివృత్తుల పనిశాలలలో నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు తగ్గుతున్నారన్న మాట విన్నప్పుడు ఈ తేడాను తలచుకోవలసి ఉంటుంది.

ఫయ్యూంలో ఈ సంగతి గ్రహించినవారు లేకపోలేదు. ఖారూన్ సరస్సుకు ఎగువన, పశ్చిమ భాగంలో ట్యూనిస్ అనే చిన్న గ్రామం ఉంది. స్విట్జర్లాండ్ నుండి వచ్చిన ఎవ్లిన్ పొరే అనే కళాకారిణి అక్కడ స్థిరపడి, మట్టి ఇల్లు కట్టుకుని, 1990 ప్రాంతంలో ఊరి పిల్లల కోసం కుండల పాఠశాల నెలకొల్పింది. పొలం పనుల నడుమ వచ్చిన పిల్లలు సారె మీద మట్టి నిలపడం, చేపలు, ఒంటెలు, ఖర్జూర చెట్లు గీయడం నేర్చుకున్నారు. 2021లో ఆమె మరణించింది. అప్పటికే ఆమె శిష్యులు ఆ వీధులలో తమ సొంత పనిశాలలు తెరిచారు, తమ పిల్లలను సారె ముందు కూర్చోబెట్టారు.

హవారా చూసిన యాత్రికుడు సాయంత్రానికి ట్యూనిస్ చేరుకోవడం మంచిది. పొద్దు సరస్సులోకి వాలుతున్న వేళ ఏదో ఒక పనిశాల తలుపు తెరిచే ఉంటుంది. లోపల సారె తిరుగుతుంటుంది. పది పన్నెండేళ్ల పిల్ల ఒకతె తడిమట్టిని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, అది పక్కకు ఒరుగుతుంటే తికమక పడుతుంది. వెనుక నిలబడిన పెద్దమనిషి మాటాడకుండా వంగి, ఆమె చేతుల మీద తన చేతులు ఉంచుతాడు. మట్టి నిలుస్తుంది.